తెల్లదాని అడ్రస్

చిలకలగూడలో రెండో అంతస్తు మీదున్న మా స్నూకర్ పార్లర్ కిటికీలోంచి ఒకసారి తెల్ల బంతి బయటికి ఎగిరిపోయింది. కొట్టింది నేనే. అది కింద పండ్ల బండి గొడుగు మీద పడి, అక్కణ్ణుంచి రోడ్డు దాటి, సికింద్రాబాద్ స్టేషన్‌లోకి దొర్లి, కదులుతున్న కాజీపేట బండి ఎక్కింది. మర్నాడు అదే బండిలో తిరిగొచ్చింది, టికెట్ లేకుండా. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళు కొందరు నవ్వి నాకు చాయ్ చెప్పారు, కొందరు నవ్వుతూ నా చాయ్ కూడా తాగేశారు.

ఒక్కడు మాత్రం నవ్వలేదు. మూల బెంచీ మీద కూర్చుని క్యూ కర్ర కొనకు చాక్ రాసుకుంటున్న మనిషి తలెత్తి, “ఏ కిటికీ?” అని అడిగాడు.

“గా కిటికీయే అన్నా,” అని చెయ్యి చూపించాను.

“గది బోయిగూడ దిక్కున్నది. స్టేషన్ గిటు. బంతి బోయిగూడకు పోవాలె గాని కాజీపేటకు ఎట్ల పోయింది? యాడ మలిగింది? దేనికి తగిలి మలిగింది? స్టెప్పులు చెప్పు.”

నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్ళు నా బతుకులో లెక్కలేనంతమంది. నా అబద్ధం ఏ దారిన పోయిందని అడిగినవాడు ఆయనొక్కడే. ఆ పూట నేను పండ్ల బండి దగ్గర ఒక ఎద్దును కూడా నిలబెట్టి దాని కొమ్ముకు బంతిని తగిలించాను. ఆయన చాక్ పక్కన పెట్టి, ఎద్దు ఎటు తిరిగి నిలబడిందని అడిగాడు. ఆ ప్రశ్నతో మా స్నేహం మొదలైంది.

ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆదివారం చర్చి అయ్యాక అదే గంజి పెట్టిన తెల్లచొక్కాతో, చేతులు మోచేతుల దాకా మడిచి పార్లర్‌కు వచ్చేవాడు. నాది బోయిగూడలో పరదాల దుకాణం. శుక్రవారం నమాజు అయ్యాక దుకాణం తెరవాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది? ఆదివారాలతో పాటు ఆ పూట కూడా నేను పార్లర్‌లోనే. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. కోపమొస్తే “ఏందయ్యా పరదాల సాబ్” అనేవాడు.

స్నూకర్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. బల్ల మీద ఎర్ర బంతులు బోలెడు, రంగు బంతులు ఆరు, తెల్లది ఒకటి. మనం కొట్టేది తెల్లదాన్నే. అది పోయి మిగతావాటిని పాకెట్లలో పడెయ్యాలి. ఒక ఎర్రది, ఒక రంగుది, మళ్ళీ ఎర్రది. పడ్డ రంగుదాన్ని ప్రతిసారీ తిరిగి దాని చోటే పెడతారు. ఒక్క దెబ్బా తప్పకుండా వరసగా ఎన్ని పాయింట్లు కొడితే అంత బ్రేక్. ఎర్రదాన్ని పడెయ్యడం ఎవడైనా నేర్చుకుంటాడు. పడేశాక తెల్లది ఎక్కడికి పోయి నిలబడిందనేదే అసలు సంగతి. తర్వాతి బంతికి అనువుగా నిలబడితే ఆట సాగుతుంది, లేకపోతే పోయి బెంచీ మీద కూర్చోవడమే.

నేను కొడితే తెల్లది బల్లంతా తిరిగేది. నాలుగు గోడలకూ తగిలి, వెనక్కి గిర్రున లాక్కుని, ఆఖరికి ఏ బంతికీ అందని చోట ఆగేది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. బ్రేక్ మాత్రం ముప్పై ఎప్పుడూ దాటలేదు. ఆయన కొడితే చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. తెల్లది నల్లదాని చుట్టుపక్కలే, వంటింట్లో మసలే మనిషిలాగా, ఇక్కడో అడుగు అక్కడో అడుగు వేసేది. చూసి చూసి మనకు ఆవులింత వచ్చే వేళకు ఆయన యాభై దాటేసేవాడు.

ఆయనతో ఆడితే ఒక షరతుండేది. కొట్టేముందు తెల్లది ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. “అడ్రస్ చెప్పు,” అనేవాడు. చెప్పిన చోటికి జానెడు దూరంలో ఆగకపోతే, బంతి పాకెట్లో పడ్డా సరే, మన వంతు అయిపోయినట్టే. అంతా అయ్యాక కథ చెప్పడం అలవాటైనవాడికి ముందే అడ్రస్ చెప్పమంటే ఎంత తక్లీఫో ఆలోచించండి. నేను అడ్రస్ చెప్పి కొట్టేవాణ్ణి. తెల్లది వేరే ఊళ్ళో తేలేది. ఆయన గాలిలో చూపుడువేలితో పెద్ద ఇంటూ మార్కు గీసేవాడు, పరీక్ష పేపరు మీద గీసినట్టు. నా మీద ఆయన గీసిన ఇంటూలన్నీ కలిపి కుడితే ఒక దోమతెర అవుతుంది.

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. కడుపులో మొదలైన గడ్డ కాలేయం దాకా పోయిందన్నారు. కొన్ని నెలలు ఆసుపత్రి చుట్టూ తిప్పి, ఇక ఇంట్లోనే చూసుకోండి అన్నారు. మారేడ్‌పల్లిలో మేడ మీద వాటా. కిటికీ పక్కన మంచం వేశారు. మొదటిసారి చూడ్డానికి పోయినప్పుడు ఏం మాట్లాడాలో తోచలేదు. నాకు! మాటలు తోచకపోవడం! ఊరికే కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నాను.

“ఎంత కొట్టినవ్ ఇయ్యాల?” అన్నాడు ఆయన.

ఆ వారమంతా నేను పార్లర్ మొహం చూడలేదు. “అరవై మూడు,” అన్నాను.

వదిన వంటింట్లోంచే నవ్వింది. ఆయన మాత్రం దిండు మీద కాస్త లేచి కూర్చున్నాడు. “అరవై మూడా! మొదటి ఎర్రది ఏ పాకెట్ల పడ్డది?”

ఆ సాయంత్రం ఎంతసేపు నన్ను పీక్కుతిన్నాడో. నేను బంతి మీద బంతి పడేస్తుంటే ఆయన ఒక్కోదాన్ని పట్టుకుని ఆపాడు. “నల్లదానికి సూటిగ నిలబడిందన్నవ్. సూటిగ ఉంటే కొట్టినంక తెల్లది ముందుకన్న పోవాలె, ఎనకకన్న రావాలె, లేదంటే ఆడనే ఆగాలె. పక్కకు ఎట్ల పోయింది? ఆటో మాట్లాడుకున్నదా?” అన్నాడు. చెయ్యి పైకెత్తి గాలిలో ఇంటూ గీశాడు. ఆ చేతికి సూది గుచ్చిన చోట ప్లాస్టర్ ఉంది. మొహంలో మాత్రం స్కూలు గంట కొట్టినప్పటి వెలుగు.

“యాభై చాలు తమ్మీ,” అన్నాడు నేను లేస్తుంటే. “నేను తప్పు పట్టలేని ఒక్క యాభై చెప్పు. టిక్కు పెడ్త.”

అప్పటిదాకా ఆయన నాకు ఒక్క టిక్కు పెట్టలేదు.

మర్నాడు దుకాణంలోంచి ఆకుపచ్చ పరదాగుడ్డ కోసుకుని పోయాను. మంచం మీద అన్నం పెట్టుకునే పొట్టి బల్ల ఉండేది, దాని మీద పరిచాను. బంతులకు ఏం చేద్దామా అని చూస్తుంటే ఆయనే సొరుగు తీశాడు. డాక్టర్లు ఆపేసిన మాత్రలు అందులో ఉన్నాయి. రక్తం పట్టడానికిచ్చిన ఎర్రవి బోలెడు. కడుపుకిచ్చిన గులాబీ రంగుది. తెల్లవి, నొప్పివి, ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. నల్లది దొరకలేదు. స్కూలుకు వేసుకుపోయే కోటు గుండీ ఒకటి తెంపి ఇచ్చాడు.

“మాత్రలతోని ఆటలేంది తమ్ముడూ, దేవుడు చూస్తున్నడు,” అంది వదిన.

“చూడనియ్యే, ఆయనకు సుత అడ్రస్ తెలుస్తది,” అన్నాడు ఈయన.

అలా షురూ అయింది. నేను రోజూ ఒక యాభై కథ తీసుకుని పోయేవాణ్ణి, ఆయన దాన్ని ఆ గుడ్డ మీద పెట్టి విరిచేవాడు. మాత్రను వేలితో జరుపుతూ, “ఈడికెళ్ళి కొడితే గీడికే వస్తది, నీ మాట వినదు,” అనేవాడు. రోజుకో ఇంటూ.

నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్ళు ఊరంతటికీ కథలు చెప్పినవాణ్ణి, మంచం మీది మనిషికి ఒక్క అబద్ధం సరిగ్గా చెప్పలేనా? పొద్దున్నే పార్లర్‌కు పోయి, సాయంత్రం చెప్పబోయే అబద్ధాన్ని ముందు బల్ల మీద పరీక్షించడం మొదలుపెట్టాను. నేను అనుకున్న చోట బంతులు పెట్టి, తెల్లది నిజంగా అక్కడికి వస్తుందా అని చూసేవాణ్ణి. రాకపోతే ఆ ముక్క కథలోంచి తీసేసేవాణ్ణి. వస్తే, మళ్ళీ మళ్ళీ కొట్టి, ఎంత మెల్లగా కొడితే వస్తుందో గుర్తు పెట్టుకునేవాణ్ణి. వీడికేదో అయిందని పార్లర్‌లో అనుకున్నారు. ఒంటరిగా ఆడుతున్నాడు, పైగా కథలు చెప్పడం లేదు.

అబద్ధం అతకడానికి దిగి నేను ఆట నేర్చుకున్నాను. నా కథల్లో తెల్లది దూరం పోయిన ప్రతిచోటా ఆయనకు తప్పు దొరికేది. అందుకని దాన్ని తక్కువ తిప్పాను. బంతికి సూటిగా నిలబెడితే ఎటూ పోవడానికి దారుండదని కాస్త వాలుగా నిలబెట్టాను. వాలు మరీ ఎక్కువైతే పరుగు తీస్తుంది, కొంచెమే ఉంటే అడుగు వేస్తుంది. కొట్టబోయే బంతిని కాకుండా దాని తర్వాతి బంతిని చూడ్డం అలవాటైంది. కథ ఆఖరు తెలిస్తేనే మధ్యలో తడబడకుండా చెప్పగలం, ఇదీ అంతే. ఒక్క విషయం మాత్రం ఆయనకు నేను నేర్పాను. మఖ్మల్ మీద వేలు ఒక దిక్కు నడిపితే నున్నగా పోతుంది, తిరిగి నడిపితే అడ్డు తగులుతుంది. బల్ల మీది గుడ్డా అంతే. నూగుకు ఎదురుగా మెల్లగా పోయే తెల్లది చివర్లో కాస్త పక్కకు లాగుతుంది. ఆ లాగుడును లెక్కలో వేసి ఒక అబద్ధం చెప్పాను. ఆయన తెల్ల మాత్రను ఆ దారినే రెండుసార్లు జరిపి చూశాడు. “పరదాల సాబ్,” అన్నాడు చివరికి, “ఇది నాకు తెల్వదు.” అయినా రెండు బంతుల తర్వాత ఇంకో తప్పు పట్టుకుని ఇంటూ గీశాడు.

అన్నిటికంటే నీలంది నన్ను ఏడిపించింది. అది బల్ల సరిగ్గా నడుమ ఉంటుంది, మధ్య పాకెట్లో వెయ్యాలి. అప్పటికి మా దగ్గర నీలం మాత్ర లేదు. అగ్గిపుల్ల తల పెట్టుకున్నాం. “చూడు,” అనేవాడు. “ఎర్రవి ఉన్నది నల్లదాని కొసల. నీలందాన్ని కొట్టి నువ్వు ఎర్రవాటి కాడికి పోవాలంటే, తెల్లది ఇవతలి కొస దిక్కు ఉండాలె. అప్పుడు కొడితే తనంతల తనే ఎర్రవాటి దిక్కు పోతది. అవతల నిలబడి మెల్లగ కొట్టినవనుకో, గిటు ఇవతలకు వచ్చి పడ్తది. నీలందానికి ఏ దిక్కు నిలబడ్డవ్, గదే కత.” ఎన్నిసార్లు చెప్పినా నా కథలో తెల్లది అవతలే నిలబడేది. అక్కడికి రాగానే ఆయన వేలు తనంతట తనే లేచేది.

కొన్నాళ్ళకు మా సెట్టులోకి గోధుమ రంగు మాత్ర వచ్చింది. పసుపుది వచ్చింది. సగం ఆకుపచ్చ గొట్టం మాత్ర వచ్చింది, అది గుడ్డ మీద దొర్లిపోతుంటే చాక్ ముక్క అడ్డం పెట్టేవాళ్ళం. ఒకరోజు నేను పోయేసరికి అగ్గిపుల్ల ఉన్న చోట నీలం మాత్ర ఉంది.

“అరే! సెట్టు పూర్తయింది అన్నా!” అన్నాను.

ఆయన నవ్వాడు. వదిన చేతిలో గిన్నెతో అట్లాగే వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో నాకు మెట్లు దిగుతుంటే తట్టింది. ఆపేసిన మందులే కదా మా బంతులు. ఇక ఆపడానికి ఏమీ మిగల్లేదు. ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను. పై నుంచి ఆయన దగ్గు వినిపిస్తోంది.

తర్వాత ఆయన గొంతు సన్నబడింది. నా అబద్ధాలు చిన్నవి చేసుకున్నాను. ఆయన అలిసిపోక ముందే తప్పు దొరికేటట్టు మొదట్లోనే ఒకటి పెట్టేవాణ్ణి. అది పట్టుకుని ఇంటూ గీసి నిద్రపోయేవాడు. ఒక్కోసారి ఇంటూలో ఒక గీతే పడేది, రెండోదానికి చెయ్యి లేచేది కాదు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక పార్లర్‌కు పోయాను. ఎవరో కాలేజీ కుర్రాడు ఆడదాం అంకుల్ అన్నాడు. ఆడుతూ ఫోను చూసుకుంటున్నాడు. నేను అలవాటు కొద్దీ ప్రతి దెబ్బకూ ముందు అడ్రస్ పైకే చెబుతున్నాను. “నల్లదాని పక్కన, జానెడు ఇవతల.” ఆగింది. “ఎర్రదాని ఎనక, జెర ఎడమకు.” ఆగింది. ఎక్కడా ఏమీ జరగడం లేదు. తెల్లది గోడల జోలికి పోవడం లేదు, వెనక్కి లాక్కోవడం లేదు. ఇక్కడో అడుగు, అక్కడో అడుగు. ఎర్రది, నల్లది, ఎర్రది, నల్లది. నాకే ఆవులింత వచ్చేలా ఉంది. అప్పుడు భయం వేసింది, ఇది నా ఆట కాదు, ఆయనది.

ఇంకో ఎర్రది పడ్డాక నల్లదానికి దారి మూసుకుపోయింది. నీలందొక్కటే మిగిలింది. తెల్లది దానికి ఏ దిక్కు నిలబడిందా అని చూశాను. ఇవతల. కొద్దిగా వాలుగా. క్యూ కొనకు ఇంకోసారి చాక్ రాసుకున్నాను. మెల్లగా కొట్టాను. నీలంది మధ్య పాకెట్లో పడింది, తెల్లది తనంతట తనే ఎర్రవాటి దిక్కు నడిచింది, ఆయన చెప్పినట్టే.

తర్వాతి ఎర్రది తప్పింది. యాభై నాలుగు.

“ఎంతైంది అంకుల్?” అన్నాడు కుర్రాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే. క్యూ బల్ల మీదే పడేసి మెట్లు దిగాను.

మారేడ్‌పల్లిలో వదిన తలుపు తీసి, “మెల్లగ తమ్ముడూ, జెర మత్తుల ఉన్నడు,” అంది. పొట్టి బల్ల గోడకు ఆనించి ఉంది. గుడ్డ పరిచాను. మాత్రలున్న డబ్బా మూత తెచ్చి ఒక్కోటీ దాని చోట పెట్టాను. ఆయన కళ్ళు సగం తెరిచాడు.

“అన్నా, యాభై నాలుగు. నిజంగ. అబద్ధం గాదు.”

తల కొంచెం ఊపాడు. చెప్పడం మొదలుపెట్టాను. తెల్ల మాత్రను వేలితో జరుపుతూ ప్రతి అడ్రసూ చెప్పాను. ఇంత చప్పటి కథ నా నోట ఎప్పుడూ రాలేదు. ఎద్దు లేదు, కాజీపేట బండి లేదు. ఆయన ఏదో ఒకచోట ఆపుతాడని చూస్తున్నాను. అడిగితే చాలు, దేనికైనా జవాబుంది నా దగ్గర. అడగలేదు. నీలందాని దగ్గరకు వచ్చాను. తెల్ల మాత్రను ఇవతల పెట్టి ఆగాను.

“అన్నా, ఈడ అడుగు. ఏ దిక్కు నిలబడ్డదని అడగవా?”

ఆయన మాత్ర వంక చూడలేదు, నా మొహం వంక చూస్తున్నాడు. చెయ్యి లేచింది. చూపుడువేలు గాలిలో కిందికి దిగి, వంపు తిరిగి, పైకి పోయింది. టిక్కు.

“రైటు,” అన్నాడు.

“స్టెప్పులు అడగకుంటనే రైటంటవేందన్నా? తప్పున్నదేమో చూడు. అబద్ధమేమో!”

“నువ్వు చెప్పినవ్ గద తమ్మీ,” అన్నాడు. “అయ్యే ఉంటది.”

కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో నా మాట అడ్డు లేకుండా నమ్మింది ఆ ఒక్కసారే. నమ్మాడో, అడగడానికి ఓపిక లేక వదిలేశాడో, అది వేరే సంగతి. నాకు కావలసింది నమ్మకం కాదు. ఆ మనిషి లేచి కూర్చుని, “ఆటో మాట్లాడుకున్నదా?” అని నన్ను పట్టుకోవాలి. నిజంగా కొట్టిన యాభై నాలుగు ఆ మంచం మీద అబద్ధం కంటే తేలిగ్గా తేలిపోయింది. వదిన వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆ నీలం మాత్రను పట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం ఆయన పోయాడు. ఆ తెల్లచొక్కానే వేశారు. ఈసారి చేతులు మడవలేదు.

కొన్నాళ్ళకు వదిన దుకాణానికి వచ్చి ఆకుపచ్చ గుడ్డ తిరిగిచ్చింది, ఉతికి, ఇస్త్రీ చేసి. “నీ దుకాణంలదే గద తమ్ముడూ,” అంది. బీరువాలో మిగతా గుడ్డలతో పాటే పెట్టాను. మొన్న ఒకావిడ అదే రంగు కావాలని వేలు పెట్టి చూపించింది. అది అమ్ముడుపోయిందమ్మా, అన్నాను.

పార్లర్‌కు మళ్ళీ పోతున్నాను. కథలు కూడా చెబుతున్నాను, లేకపోతే వాళ్ళకు దిగులు. అందరూ ఎక్కువగా అడిగేది యాభై నాలుగు కథే. బల్ల చుట్టూ తిరుగుతూ, ఒక్కో బంతీ చూపిస్తూ, ఉన్నదున్నట్టు చెబుతాను. నీలందాని దగ్గరకు వచ్చేసరికి మాత్రం తెల్లదాన్ని అవతల నిలబెడతాను, నల్లదాని కొస దిక్కు. అక్కణ్ణుంచి మెల్లగా కొట్టాను, నీలంది పడింది, తెల్లది నడుచుకుంటూ ఎర్రవాటి దగ్గరికే పోయింది, అంటాను. పోదు. ఎవరు కొట్టినా పోదు, ఇవతలకు వచ్చి పడుతుంది. ఆ మాట అన్నాక కాసేపు ఆగుతాను, క్యూ కొనకు చాక్ రాసుకుంటున్నట్టు. మూల బెంచీ వైపు చూడను.

“తర్వాత అంకుల్?” అంటారు వాళ్ళు. అటు ఎట్లా పోయిందని ఎవరూ అడగరు.